వెల్డా వండి తీరిన దుంపలు

మా శాన్‌పీట్ లోయలో ఎవరైనా పోతే ముందు బిషప్‌కి ఫోన్ చేస్తారు, తరవాత వెల్డా జోర్గెన్సన్‌కి. ప్రార్థన సంగతి ఆయన చూస్తాడు, భోజనం సంగతి ఆవిడ చూస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఇదే వరస. సమాధి దగ్గర నుంచి జనం చర్చి హాలుకి తిరిగొచ్చేసరికి బల్లల మీద పంది మాంసం ముక్కలు, బన్నులు, క్యారెట్ తురుము వేసిన పచ్చ జెల్లీ, వాటి పక్కన పొగలు కక్కుతూ వెల్డా దుంపలు ఉండాల్సిందే. వాటిని మేం చావు దుంపలనే అంటాం. జూలైలో చుట్టాలంతా కలిసే రోజున వండినా, పెళ్లికి వండినా పేరు మాత్రం అదే.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఉడికించి చల్లార్చిన బంగాళాదుంపల తురుము, పులిసిన మీగడ, డబ్బా చికెన్ సూపు, గుప్పెళ్ల కొద్దీ చీజు, వేయించిన ఉల్లిపాయ. పైన కార్న్‌ఫ్లేక్స్ నలిపి, వెన్న కలిపి చల్లి ఓవెన్‌లో పెట్టడమే. ఈ మాత్రం దానికి ఊళ్లో ఆడవాళ్లం ఒకరి ట్రేలోకి ఒకరం ఓరకంట చూసుకుంటాం. కొట్లో అమ్మే గడ్డకట్టిన తురుము వాడేవాళ్లని వెల్డా మనుషుల్లో జమకట్టేది కాదు. నన్నైతే దుంపల దరిదాపులకే రానిచ్చేది కాదు. ఒకసారి నేను వండింది అడుగున జావ, పైన బొగ్గు. అప్పటినుంచి నా వంతు జెల్లీయే.

వెల్డా మనిషి పొట్టి, గొంతు పెద్దది. వెయ్యి టర్కీ కోళ్ల అరుపుల మీదుగా మొగుణ్ణి పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది. చావు వచ్చిన ఇంటివాళ్లు గరిటె ముట్టకూడదు, కూర్చుని తినాలి అన్నది మా ఆనవాయితీ. దాన్ని వెల్డా పట్టినంత గట్టిగా ఎవరూ పట్టలేదు. థోరా బీల్ తన తమ్ముడి చావుకి తనే ఆపిల్ పై అనే తీపి వంటకం చేసి తెస్తే, దాన్ని చేతిలోంచి లాక్కుని ఆవిణ్ణి కుర్చీలో కుదేసింది. థోరా ఆ మధ్యాహ్నమంతా ఒళ్లో చేతులు పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ కుర్చీ పక్కనే జెల్లీ వడ్డిస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో వెల్డా భర్త లమార్ కోళ్ల షెడ్డులో దాణా బకెట్ పట్టుకునే కూలిపోయాడు. మా చర్చి వార్డు ఆడవాళ్ల సంఘానికి అప్పుడు రనే ఓల్సెన్ అధ్యక్షురాలు. నలభై ఏళ్ల మనిషి, టైపు కొట్టిన జాబితా లేనిదే ఇంట్లోంచి కదలదు. ఆవిడ గంటలోపే రొట్టె పట్టుకుని పరామర్శకి వచ్చింది. వెల్డా ఆవిడతో అన్న మొదటి మాట, దుంపలు నేనే వండుతాను అని.

దుఃఖంలో ఏదో అంటోందని రనే అనుకుంది. మర్నాడూ వెల్డా అదే మాట అనేసరికి భయపడింది. బిషప్‌ని తీసుకొచ్చింది. ఆయన, మీరు ఇన్నేళ్లు ఊరికి సేవ చేశారు, ఇప్పుడు ఊరిని చెయ్యనివ్వండి అంటూ మెత్తగా నచ్చజెప్పాడు. రనే బాధ వేరు. విధవరాలు పొయ్యి దగ్గర నిలబడితే, సంఘంలో ఇంతమంది ఉండి ఏం చేస్తున్నారని ఊరు మొహాన ఉమ్మేస్తుందట. అందులో అబద్ధమూ లేదు, మా ఊరు అలాంటిదే. వెల్డా ఇద్దరి మాటా విని తల ఊపింది. ఆ ఊపు రనే నమ్మలేదు. పక్కిల్లు నాదే కాబట్టి నన్ను కాపలా పెట్టింది.

అంత్యక్రియల ముందురోజు పొద్దున నేను వెళ్లేసరికి పొయ్యి మీద పెద్ద గుండిగలో దుంపలు కుతకుతలాడుతున్నాయి. ఇదేమిటన్నాను. కోళ్లకి అంది. టర్కీలు ఉడికించిన దుంపలు ఎప్పటినుంచి తింటున్నాయన్నాను. వెల్డా ఒక కత్తి తీసి నా ముందు పెట్టింది.

"నువ్వు కాపలాకొచ్చావా నోలా, తొక్క తియ్యడానికొచ్చావా?"

"ఆయన తినడు కదా వెల్డా," అన్నాను. అనకూడని మాటే, నోరు జారింది.

"తినడు. నేను వండుతాను," అంది.

నలభై నాలుగేళ్లు ఆ మనిషికి మూడు పూటలా వండి పెట్టిన చేతులు. చివరిసారి ఆయన పేరు మీద జనం తినేది వేరేవాళ్ల వంటట, ఈవిడ పళ్లెం పట్టుకుని మర్యాదగా కూర్చోవాలట. నాకు రనే మీద కోపం వచ్చింది, ఆనవాయితీ మీద వచ్చింది, ఇన్నాళ్లూ దాన్ని కాపాడిన వెల్డా మీద కూడా వచ్చింది. కత్తి తీసుకుని తొక్క తీశాను.

వెల్డా నీలం ట్రేలు ఊళ్లో అందరికీ తెలుసు. అందుకని నా గాజు ట్రేలో వండింది. ఎవరి ట్రే వాళ్లకి తిరిగి చేరడానికి అడుగున అంటించే టేపు మీద నోలా బెక్ అని నా పేరే ఉంది. మర్నాడు దాన్ని జెల్లీ గిన్నె కింద పెట్టుకుని వంటగదిలోకి చేరవేసి, తక్కిన ఆరు ట్రేల మధ్య దూర్చేశాను.

భోజనాల దగ్గర నాకు చిక్కొచ్చిపడింది. ఎవరో తిని, ఇదెవరి చెయ్యి అని ట్రే ఎత్తి చూశారు. ఇంకేముంది, నోలా ఎట్టకేలకు వంట నేర్చుకుందని హాలంతా ఒకటే గుసగుస. బిషప్ రెండోసారి పెట్టించుకుని, ఎక్కడ నేర్చుకున్నారు సిస్టర్ బెక్ అని మా చర్చి పిలుపుతో అడిగాడు. నా చెవులు కాలిపోయాయి. ముందు వరస బల్ల దగ్గర కొడుకుల మధ్య కూర్చున్న వెల్డా పళ్లెం ముట్టలేదు, నా వైపు చూడలేదు.

వడ్డన రనేది. నా ట్రేలో చివరి మూలకి వచ్చి ఆవిడ గరిటె ఆగిపోయింది. ఆ మూలన అరచెయ్యంత మేర కార్న్‌ఫ్లేక్స్ నలగకుండా రేకులు రేకులుగా ఉన్నాయి. వంటగదిలో పనిచేసిన ప్రతి ఆడదానికీ దాని అర్థం తెలుసు. లమార్ ఉల్లిపాయ తినడు. వండిన ప్రతి చావుకీ వెల్డా ఒక మూల ఆయన కోసం ఉల్లిపాయ లేకుండా వదిలి, గుర్తుకి రేకులు నలపకుండా ఉంచేది. ఈసారి కూడా చెయ్యి తన అలవాటున తను అదే చేసింది. పక్కనే ఉన్న నేనూ గమనించలేదు.

రనే నన్ను చూసింది, వెల్డాని చూసింది. గరిటె పట్టుకునే ఆ బల్ల దగ్గరికి నడిచి, "సిస్టర్ జోర్గెన్సన్, మీరు మాట ఇచ్చారు," అంది, నెమ్మదిగానే.

"తల ఊపాను. మాట ఇవ్వలేదు," అంటూ వెల్డా లేచి నిలబడింది. ఆ గొంతు హాలు చివరిదాకా వెళ్లింది. "మీ అందరి చావులకీ వండాను. నా మొగుడి చావుకి నన్ను కుర్చీలో కూర్చోబెడతారా? కూర్చుంటే నాకు ఏడుపు రావట్లేదు రనే. పొయ్యి దగ్గర నిలబడితేనే వచ్చింది. దీనివల్ల నీ పరువు పోతే పోనీ, నా మొగుడే పోయాడు."

వెల్డా హాల్లో వెతికి థోరా మీద చూపు నిలిపింది.

"థోరా, ఆ రోజు నీ చేతిలోంచి ఆపిల్ పై లాక్కున్నాను. తప్పు నాదే. ఆనవాయితీ అని అడ్డం పెట్టుకోను, చేతులు నావే."

థోరా మొహం చేతుల్లో దాచుకుంది. వెల్డా వెళ్లి ఆ మూల ముక్కని తన పళ్లెంలో వేసుకుంది. ఆవిడకి ఉల్లిపాయ లేని తిండి గడ్డితో సమానం. నిలబడే తింది, తింటూనే ఏడ్చింది, చివరి తునక దాకా తింది. ఎవరూ వెళ్లి ఓదార్చే సాహసం చెయ్యలేదు.

ఊరు ఊరుకుంటుందా? సంఘం పరువు తీసిందని కొందరు, మొగుడి శవం చల్లారకముందే చీజు తురుముకుందని కొందరు. రనే ఎనిమిది నెలలు వెల్డాతో మాట్లాడలేదు. నా వంతు జెల్లీ నుంచి కాగితం పళ్లేలకి దిగింది. థోరాకి తప్ప వెల్డా ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. నన్ను మాత్రం, టేపు మీద పేరు నీదే కదా, పొగడ్తలు ఉంచుకో అని ఏడిపించేది.

అక్టోబరులో రనే వాళ్లమ్మ పోయింది. రనే టైపు కొట్టిన జాబితా ప్రకారం అన్నీ జరిగిపోతున్నాయి. రనే తన ఇంట్లో సోఫాలో కూర్చుని ఉంది. వంటగదిలో ఇతరులు ఆవిడ అలమరలు తెరిచి గిన్నెలు వెతుక్కుంటున్నారు. ఎవరూ పిలవకుండానే వెల్డా లోపలికి వచ్చింది, వెనకాలే నేను. వెల్డా రనే ఎదురుగా నిలబడి, మీ అమ్మ చేతి వంటల్లో పేరున్నది ఏదని అడిగింది.

"బన్నులు," అంది రనే. "నాకు రావు. ఎప్పుడు చేసినా పొంగవు."

"పొంగకపోతే రాళ్లే పెడదాం. తినని వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. లే."

రనే లేచింది. వంటగదిలో ఉన్నవాళ్లు నోరు తెరవబోయి వెల్డాని చూసి ఊరుకున్నారు. రనే పిండి ముద్ద మీద రెండు చేతులూ ఆనించి, అలా వంగే, గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. వెల్డా ఆపలేదు, ఇంకాస్త పిండి చల్లింది.

ఆ బన్నులు నిజంగానే రాళ్లు. నా పన్ను ఒకటి కదిలింది. అయినా ఆ రోజు హాల్లో ఒక్కరూ వదిలిపెట్టలేదు, ఎందుకంటే వెల్డా చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.