ఖాళీ చేసి అప్పగించవలెను

గుడివాడ బస్టాండులో బందరు బస్సు కండక్టర్ల మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. "ఖాళీ, ఖాళీ, రండి" అని పిలుస్తారు. నమ్మి ఎక్కితే ఒక కాలు మనది, రెండోది ఎవరిదో తెలియనంత ఖాళీ. కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, ఒక మాటకు కళ్ళెదుటే ఇంత అన్యాయం జరుగుతుంటే చూడలేక ఒకసారి అడిగాను. "మీరెక్కేదాకా ఖాళీయేనండి, మీరెక్కాక నిండింది" అన్నాడు. ఖాళీ అన్న మాటకు అంతకన్నా ప్రమాదకరమైన అర్థం ఒకటుందని అప్పటికి నాకు తెలియదు.

బందరు చిలకలపూడిలో మా నాన్నగారి నుంచి నాకొచ్చిన ఇల్లు ఒకటుంది. వరసగా నాలుగు పోర్షన్లు, అందరికీ కలిపి ఒక పంపు, వానను ఏ గదికీ తక్కువ చేయకుండా పంచిపెట్టే డాబా. ఆ పంపకం తట్టుకోలేక మూడు పోర్షన్లవాళ్ళు వెళ్ళిపోయారు. నాలుగోదానిలో మాత్రం ఒకావిడ తొమ్మిదేళ్ళుగా ఉంటోంది. ఒంటరి మనిషి. రోల్డ్ గోల్డ్ గొలుసులకు లింకులు అతికే పని. కిటికీ కింద బల్ల వేసుకుని కూర్చుంటే, పక్క వీధి షాపువాళ్ళు పొద్దున సరుకిచ్చి సాయంత్రం పట్టుకెళ్తారు. ఆవిడ నాలుగు వీధులు అవతలికి మారిందంటే ఆ సరుకు ఇంకొకరి కిటికీకి వెళ్ళిపోతుంది.

ప్రభుత్వం కొత్త పథకం పెట్టిందని నాకు చెప్పింది ఆవిడే. పేదలకు కొత్త ఇళ్ళు కట్టడానికి ఊళ్ళలో స్థలాలు దొరకడం లేదట. అందుకని ఉన్న ఇళ్ళనే పాతికేళ్ళకు లీజుకు తీసుకుని, బాగు చేయించి, ఇల్లు లేనివాళ్ళకు నామమాత్రపు అద్దెకు ఇస్తారట. యజమానికి లీజు సొమ్ము ప్రభుత్వమే కడుతుందట.

"పాతికేళ్ళు ఎవరూ ఖాళీ చెయ్యమనరంట మాస్టారూ. మీరు కూడా అనలేరంట" అంది.

నేనెప్పుడైనా అన్నానా అని అడిగాను.

"అనలేదండి. అంటారేమోనని తొమ్మిదేళ్ళ నుంచీ గోడకి మేకు కొట్టలేదు" అంది.

నాకు డాబా బెడద వదులుతుంది, ఆవిడకు మేకు కొట్టుకునే ధైర్యం వస్తుంది, పైగా పేదలకు మేలు చేసినవాణ్ణవుతాను. ఒక్క సంతకంతో ఇన్ని జరిగే అవకాశం మా వంశంలో ఎవరికీ వచ్చినట్టు లేదు. కాగితాలు పట్టుకుని బందరు వెళ్ళాను.

ఆఫీసులో అధికారి చాలా మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, అన్నీ చదివి, "భవనమును ఖాళీ చేసి అప్పగించవలెను" అన్న వాక్యం మీద వేలు పెట్టాడు. అందులో ఒకావిడ ఉన్నారని, ఆవిడ పేదావిడేనని, అక్కడే ఉండనిస్తే మీకు ఒక పేదను వెతుక్కునే శ్రమ కూడా తప్పుతుందని చెప్పి చూశాను.

"పేదావిడ అవడం వల్ల ఇబ్బందేం లేదండి. ఉండటం వల్లే ఇబ్బంది" అన్నాడు.

ఇంట్లో ఉన్న మనిషిని ఇల్లు లేని మనిషి కింద ఎలా రాసుకుంటామని కూడా అడిగాడు. న్యాయమే. ముందు ఆవిడకు ఇల్లు లేకుండా పోవాలి, తర్వాత దరఖాస్తు పెట్టుకోవాలి. రెండో భాగంలో ప్రభుత్వం సాయం చేస్తుంది. మొదటిది నా వంతు.

బాగు చేసి తిరిగిచ్చేదాకా రెండు నెలల ముచ్చటే కదా అని ఆవిడ బందరు పక్కనే గూడూరులో అక్కగారింటి వసారాలోకి మారింది. బల్ల మాత్రం మా పంపు పక్కన రేకు కింద పెట్టుకుని, రోజూ బస్సులో వచ్చి అక్కడే పని చేసుకునేది. ఇల్లు చూడటానికి ఇంజనీరు వచ్చిన రోజున అలవాటు కొద్దీ టీ పెట్టి తెచ్చింది. ఆయన సగం తాగాక, మీరెవరండీ అని అడిగాడు.

"ఎవర్నీ కాదండి. నేనిక్కడ ఉండట్లేదు" అంది.

ఆయన నాలుగో పోర్షను గోడలు తడిమి చూసి, ఒక్క మేకు గుర్తయినా లేదని, అసలు ఎవరూ కాపురం ఉన్నట్టే లేదని మెచ్చుకున్నాడు. ఆవిడ గ్లాసు అందుకుని వెళ్ళిపోయింది.

తర్వాత దరఖాస్తు. ఇల్లు లేదనడానికి రుజువుగా పాత యజమాని ఉత్తరం జతపరచాలన్నారు. "పై స్త్రీని నా ఇంటి నుండి నేనే ఖాళీ చేయించితిని" అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో నేను రాసిన వాటిలో అంత సూటి వాక్యం మరొకటి లేదు. ఆ విధంగా అదే ఆఫీసులో ఒక గుమస్తా ఫైల్లో దాతనూ, పక్క గుమస్తా ఫైల్లో ఆవిణ్ణి వీధిలో పెట్టినవాణ్ణీ అయ్యాను.

ఫారంలో చివరి గడి, ఇల్లు ఏ ప్రాంతంలో కావాలి అని. ఆవిడ చిలకలపూడి అని రాయమంది. ఇక్కడ నా చదువు అడ్డొచ్చింది. షరతులు పెట్టేవాళ్ళను ప్రభుత్వం వెనక్కి నెట్టేస్తుందని, "ఎక్కడైనా సమ్మతమే" అని రాస్తే వినయంగా ఉంటుందని, ఎలాగూ దగ్గరలో ఉన్న ఇల్లే ఇస్తారని వివరించాను.

"వినయం ఎందుకండీ, ఇల్లు కావాలి గానీ" అంది. కానీ మాస్టారు చెబుతున్నాడు కదా అని వేలిముద్రంత జాగ్రత్తగా సంతకం పెట్టింది.

ఆఫీసు వరండాలో అందరి ముందూ చీటీలు తీశారు. ఎక్కడా మోసం లేదు. ఆవిడకు ఇల్లొచ్చింది. బస్సులో గంటన్నర దూరాన, అవనిగడ్డలో. మా నాలుగో పోర్షను అవనిగడ్డ సెంటర్లో టిఫిన్ బండి నడుపుకునే ఒకాయనకు వచ్చింది. ఆయన ఫారంలో కూడా "ఎక్కడైనా సమ్మతమే" అనే ఉంది. రాసిపెట్టింది ఎవరో మాస్టారేనట.

ఒకరికి కావలసిన ఇంటి తాళం ఇంకొకరు పట్టుకుని ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. మార్చుకుంటాం సార్ అని అడిగితే, సమ్మతమేనని మీరే రాసిచ్చారు కదండీ అన్నాడు అధికారి, మర్యాద ఏమాత్రం తగ్గకుండా. అంతగా కావాలంటే వచ్చిన ఇల్లు ఖాళీ చేసి, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట.

మర్నాడు బస్టాండు దాకా ఆవిడ సంచి నేనే మోశాను. బల్ల బస్సులో ఎక్కనివ్వరని మా పంపు దగ్గరే వదిలేసింది. గొలుసులు మోసుకుంటూ షాపువాళ్ళు దివిసీమ దాకా రారని నాకూ తెలుసు, అయినా దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. ఆ ఇల్లు మనదాని కన్నా కొత్తదని, డాబా కారదని, పాతికేళ్ళు ఎవరూ కదపరని, గోడకి ఎన్ని మేకులైనా కొట్టుకోవచ్చని.

అవనిగడ్డ బస్సు నిండుగా ఉంది. కండక్టరు "ఖాళీ, ఖాళీ" అంటున్నాడు. ఆవిడ సంచి అందుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగింది.

"మీరు పేదలకి ఇల్లివ్వకుండా ఉంటే నాకు ఇల్లుండేదండి."