పసుపు మూతి సిరంజిలు, రాని సూదులు

మా దవాఖానకు పసుపు మూతి సిరంజిలు వచ్చిన రోజు పెళ్లి సందడే. బ్యానర్ కట్టారు, సమోసాలు తెప్పించారు, పట్నం నుంచి పెద్దాఫీసరు వచ్చి గంటసేపు తెరమీద బొమ్మలు చూపించారు. ఆపరేషన్ థియేటర్ నర్సును కాబట్టి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆయన చెప్పింది నాకు చాలా నచ్చింది. కాన్పు ఆపరేషన్‌కు నడుము కింద తిమ్మిరెక్కడానికి వెన్నులో మత్తుమందు ఇస్తాం. రక్తం ఎక్కువ పోకుండా చేతి నరంలోకి ఇంకో మందు ఇస్తాం. మామూలు సిరంజిల మూతులన్నీ ఒకటే కొలత, ఏదైనా ఏ సూదికైనా పడుతుంది. నరంలోకి పోవాల్సింది వెన్నులోకి పోతే మనిషి దక్కడం కష్టం. ఈ కొత్తదాని మూతి కొలత వేరు. దీనికోసం చేసిన వెన్ను సూదికి ఇది తప్ప ఇంకేదీ పట్టదు. మనిషి పొరపాటు చేయబోయినా వస్తువు చేయనివ్వదు. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ల కడుపు చల్లగుండ అనుకున్నాను.

సమోసాలు అయిపోయాక డబ్బా విప్పితే సిరంజిలు ఉన్నాయి, వాటికి పట్టే సూదులు లేవు.

"సూదులకు ఆర్డరే వేరు, వేరే ఇండెంటమ్మా. అవి నాగర్‌కర్నూల్ దిక్కు ఏదో దవాఖానకు పోయినయంట. ఎట్ల వాడాల్నో చెప్పే పోస్టర్లు గద్వాల దిక్కు పోయినయి" అన్నాడు స్టోరు చూసే సారు, వాతావరణం గురించి చెప్పినంత తాపీగా.

అంటే మూడు జిల్లాలు ఒకచోట చేరితే తప్ప ఒక్క ఇంజెక్షన్ ఇవ్వలేమన్నమాట. "సార్, రేపు నాకు సెలవు. బస్సుల పోయి ఒక డబ్బ సూదులు పట్టుకొస్త" అన్నాను.

"గట్ల తెస్తే రెండు దిక్కులా ఆడిట్ పడ్తది. నీకేం తెల్వదు, ఊకో."

ఊకున్నాను. సిరంజిలు మాత్రం ఖాళీగా లేవు, ఫోటోలు దిగుతున్నాయి. కొత్తవి వాడుతున్నట్టు వారం వారం ఫోటో పంపాలని పైనుంచి ఆర్డరు. ఆపరేషన్‌కు ముందు స్టోరు సారు లోపలికి వచ్చేవాడు. గ్లోవ్స్ తొడుక్కునే వచ్చేవాడు, అంతవరకు ధర్మాత్ముడే. నా ట్రేలో నాలుగు పసుపువి పేర్చి, ఫోటో తీయించుకుని, తిరిగి తీసుకుపోయేవాడు. మేం పాతవాటితో పాత పని చేసుకునేవాళ్లం.

మా పాత పని సంగతి కూడా చెప్పాలి. మత్తు డాక్టరుగారికి మూడు దవాఖానలు, కాలు ఒకచోట నిలవదు. ఎడమ చేత్తో వెన్ను తడుముతూ, వెనక్కి చూడకుండానే కుడి చెయ్యి ట్రే మీదికి చాపేవారు. ఎడమ పక్కది వెన్నుకు, కుడి పక్కది నరానికి. వెన్నుదానికి గుర్తుగా నేను చిన్న గాజుగుడ్డ ముక్క చుట్టేదాన్ని, చూస్తే కదా! "పదేండ్ల అలవాటు, కండ్లు మూసుకున్నా తప్పు పోదు" అని ఆయన గొప్ప. టైం కలిసొస్తుందని రెండూ ముందే నింపి ఒకే ట్రేలో పెట్టేది నేను. అది నా గొప్ప.

ఆ రోజు పాన్‌గల్ దిక్కు నుంచి వచ్చిన అమ్మాయికి రెండో కాన్పు. లోపలికి తీసుకుపోతుంటే వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, మొదటి కాన్పుల చానా పరేషాన్ అయినం. ఇంట్ల మూడేండ్ల పోరి తల్లి కోసం ఏడుస్తుంది. జర పైలం బిడ్డా."

"నేనున్న గద అవ్వా" అన్నాను. ఎంత ధీమానో!

నేను ఆ అమ్మాయి చేతికి బీపీ పట్టీ కడుతుండగా స్టోరు సారు ఫోటోకి వచ్చాడు. నా రెండు సిరంజిలూ పక్కకు జరిపి, పసుపువి విసనకర్రలా పేర్చి, ఫోటో తీయించుకుని, నావి మళ్లీ ట్రేలో సర్దిపోయాడు. ఎటుది ఎటు పెట్టాడో ఆయన చూసుకోలేదు. నేనూ చూడలేదు.

డాక్టరుగారు సూది గుచ్చారు. ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది, ఎడమ పక్కది తీసుకుంది. సిరంజిని సూదికి బిగించారు, అది చక్కగా పట్టింది. నా చూపు ట్రే మీద పడింది. గాజుగుడ్డ చుట్టిన సిరంజి ఇంకా అక్కడే ఉంది. సూదికి బిగించింది నరం మందు.

"సార్, ఆపుండ్రి!" అని అరిచి ఆయన మణికట్టు పట్టేసుకున్నాను.

"ఏయ్! చెయ్యి పట్టుకుంటవా? పిచ్చి లేసిందా?" థియేటరు దద్దరిల్లింది. ట్రే వైపు చూపించాను. పదేళ్లలో మొదటిసారి ఆయన ఆ ట్రే చూశారు. బిగించిన సిరంజిని విప్పి పక్కన పెట్టారు.

చుక్క మందు కూడా లోపలికి పోలేదు. సూది తీసేసి, గ్లోవ్స్ మార్చి, అన్నీ కొత్తగా మొదలుపెట్టాం. "ఏమైంది సార్?" అంది వంగి కూర్చున్న ఆ అమ్మాయి. "ఏం కాలేదమ్మా, సూది మొద్దుగుంది" అన్నారు డాక్టరుగారు. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో! అరగంటలో బిడ్డ ఏడ్పు వినిపించింది.

తర్వాత జరిగింది రాద్దామని రిజిస్టరు తీశాను. "ఏం కాలే గద, ఏం రాస్తవు? రాస్తే ముందు నీ పేరే ఉంటది" అన్నారాయన. ట్రే నాదే మరి. రిజిస్టరు మూసేశాను. సాయంత్రానికి ఆ పసుపు విసనకర్ర ఫోటో మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద అందరూ బొటనవేళ్లు పెట్టారు. థూ నా బతుకు, నేనూ ఒకటి పెట్టాను.

మర్నాడు వార్డుకు పోతే ఆ అమ్మాయి వాళ్లమ్మ నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "నీ చేతుల పెట్టినందుకే నా బిడ్డ దక్కింది. వచ్చే నెలల చిన్నదానిది కాన్పుంది. దాన్ని గూడ నీ దగ్గరికే తోల్కొస్త." సిగ్గుతో చచ్చిపోయాను. వద్దని చెప్పే ధైర్యం లేదు, ఎందుకు వద్దో చెప్పే ధైర్యం అసలే లేదు.

డాక్టరుగారు వారం రోజులు ట్రే చూసి తీసుకున్నారు. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ వెనక్కి చెయ్యే.

నెల తిరిగింది. సూదులు రాలేదు, చిన్న కూతురు వచ్చింది. స్టోరు సారు ఫోన్ పట్టుకుని వస్తే, "బయట తీసుకోండ్రి మీ ఫోటో" అని మొహం మీదే తలుపు వేశాను. వెన్ను మందు ఒక్కటే నింపాను. రెండో మందు గాజుబుడ్డి పగలగొట్టకుండా నా జేబులో వేసుకున్నాను.

డాక్టరుగారి చెయ్యి వెనక్కి వచ్చి ట్రేలో అటూ ఇటూ తడిమింది. "రెండోదేది?"

"వెన్నుకిచ్చినంక నింపుత సార్."

"ఏందమ్మా గిది, టైం ఖరాబు గాదా?"

"అయితది సార్" అన్నాను. ట్రేలో ఒక్కటే ఉంది. ఆయన అదే తీసుకున్నారు.