అమ్మ మైకు వైరు

సద్దుల బతుకమ్మ నాడు, మంగళవారం, సాయంత్రం ఐదున్నరకు జరిగింది ఇది. గడియారం చూడడం నాకప్పటికే వచ్చు, అక్షరాలే రావు. అవి పెళ్లయి పిల్లలు పుట్టాక నేర్చుకున్నాను, అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. మొన్న ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి అటక దులుపుతుంటే నాయిన వాడిన చిన్న మిక్సర్ దొరికింది. ప్లగ్గు పెట్టగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది, దాంతో పాటే ఆనాటి దిల్‌సుఖ్‌నగర్ మొత్తం వచ్చింది.

అప్పట్లో రోడ్డు దిగితే ద్రాక్ష తోటలు, వానలు వెనకపట్టాక గట్ల మీద పచ్చగా తంగేడు, తెల్లగా గునుగు, మధ్యలో పోచంపల్లి దిక్కు నుంచి మగ్గాలు వదిలి వచ్చిన మాలాంటి వాళ్ల రేకుల ఇళ్లు, వాటి పక్కనే కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న డాబాలు. రెండు రకాల తెలుగూ ఒకే చేతిపంపు దగ్గర వినిపించేవి. పండుగ పొద్దున మా ఇంట్లో నువ్వులు వేగుతుండేవి, మలీద ముద్దలకు బెల్లం దంచుతుండేవారు, గునుగు పూలను ముంచడానికి గిన్నెల నిండా రంగులు కలిపి వాకిట్లో వరసగా పెట్టేవారు. పగలు బట్టల దుకాణంలో పనిచేసే మా నాయిన అంజయ్య పండుగలకు మైకుసెట్టు కట్టేవాడు.

ఆ యేడు ఎండాకాలంలో మా అమ్మ యాదమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మనిషి కోలుకుంది గానీ గొంతు సగమే తిరిగొచ్చింది. కాలనీలో బతుకమ్మ పాట ముందుగా అందుకునేది ఆమే; ఆమె ఒక చరణం అంటే మిగతా ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ దాన్ని తిరిగి అనాలి. ఆ గొంతు వినపడకపోతే ఇంకొకరు అందుకుంటారు, ఒకసారి అందుకున్నవాళ్లు మళ్లీ వదలరు. మా పెద్దమ్మ సత్తెమ్మ తన కోడలు సుగుణను అప్పటికే తయారు చేసి ఉంచింది. అది తెలిసి నాయిన కోఠికి పోయి ఈ మిక్సర్ మోసుకొచ్చాడు.

మైకుల వైర్లన్నీ దాని వెనకున్న సాకెట్లలో గుచ్చితే, అన్నీ కలిసి ఒకే వైరుగా ఆంప్లిఫయర్‌కు, అక్కణ్నుంచి స్తంభానికి కట్టిన గొట్టాల స్పీకర్లకు పోతాయి. మా మిక్సర్‌లో మొదటి సాకెట్ ఒక్కటే సన్న గొంతును బాగా లేపేది. అది అమ్మ మైకుకు. నాయినకూ చదువు రాదు కాబట్టి ప్రతి వైరు చివరా ఒక్కో రంగు నూలు ముడి వేసేవాడు. పాత ముడులు మాసిపోయాయని ఆ పొద్దున తెల్ల దారం తెంపి పూల రంగుల గిన్నెల్లోనే ముంచాడు.

"పూల రంగు నిలువదయ్యా, నీళ్లు తగిల్తె పోతది," అంది అమ్మ.

"నూలుకు రంగేసుడు నాకు నేర్పుతున్నవా? మా తాతల కాడికెళ్లి అదే పని."

సాయంత్రం ఒక జల్లు పడింది. వెలిసేసరికి ముడులన్నీ ఒకే బురద రంగు. వైర్లు మిక్సర్ పెట్టిన గద్దె కింద జడలా పెనవేసుకున్నాయి, బతుకమ్మలను దించి ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు, రంగంటిన వేళ్లతో పిన్నులు పట్టుకుని నాయిన గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"అన్ని తీసెయ్యి నాయినా. ఒక్కోటి మొదటి దాంట్ల పెట్టి చూద్దాం," అన్నాను.

ఒకటి గుచ్చి నాబు తిప్పితే డప్పు నర్సింహ దగ్గు గొట్టాల్లో మోగింది. అది తీసి ఇంకొకటి పెట్టాను. పాట తిరిగి అనేవాళ్ల మైకు అది. దాని ముందు నిలబడి కోడలి చెవిలో పెద్దమ్మ చెబుతున్నది కాలనీ అంతా విన్నది.

"సుగుణా, అది నోరు తెరిసే లోపల నువ్వందుకో. దానికి గొంతు యాడున్నది?"

ఒకరిద్దరు నవ్వి ఆపేశారు. సుగుణ వదిన తల దించుకుని వెనక్కి జరిగింది. నేను ఆ పిన్ను పీకి తర్వాతది గుచ్చి నాబు నిండా తిప్పాను. కుయ్యిమని ఒక అరుపు, కొంచెం తగ్గించాక అమ్మ గొంతు.

"ఉన్న గొంతు ఇదే అక్కా. ఇనేటోళ్లుంటె పాడుత. లేకుంటె అందరితోని చప్పట్లు కొట్టుకుంట తిరుగుత."

డాబా ఇంటి రత్నమ్మగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "పాడండి వదినగారూ, ఇక్కడిదాకా వినపడుతోంది," అన్నారు.

అమ్మ పాడింది. పాత గొంతు కాదు అది, అడుగున ఇసుక రాలుతున్నట్టు ఉంది. అది వినాలని ఆడవాళ్లు చప్పట్లు మెల్లగా కొట్టారు, గాజుల చప్పుడు కూడా వినిపించింది. పెద్దమ్మ ముందున్న మైకు వైరు నేను మళ్లీ గుచ్చలేదు. అయినా చరణం తిరిగి అన్న గొంతుల్లో ఆమెదే అందరికంటే పెద్దగా వినబడింది.

"సూసినవా, మిక్సర్ ఎట్ల పనిచేసిందో," అన్నాడు నాయిన ఇంటికొచ్చాక.

"నీ రంగు పనిచేసింది గూడ సూసిన," అంది అమ్మ.

ఆ తోటల్లేవు, ఆ జాగాలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు లేచాయి. తంగేడు కట్టలు కట్టి అమ్ముతున్నారు. ఇప్పుడు ఫోన్లో పాట పెడితే వైరు లేకుండానే స్పీకర్ మోగుతుంది. అందరూ బాగానే ఆడతారు, పాట అందుకునే మనిషి మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఆ మంగళవారం అక్కడ కాలనీ వాళ్లంతా ఉన్నారు. వాళ్లలో సత్తెమ్మ పెద్దమ్మ, సుగుణ వదిన, గేటు దగ్గర రత్నమ్మగారు, డప్పుతో నర్సింహ, మిక్సర్ దగ్గర మా నాయిన అంజయ్య, నేను భాగ్యమ్మను. పాడింది మా అమ్మ యాదమ్మ.