ఐదో మాట ఎవరిది

గుడ్ ఫ్రైడేకు శుభాకాంక్షలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది చావు రోజు. రైల్వే ఉద్యోగం మీద దేశంలో చాలా చోట్ల ఉన్నాను. ఆ శుక్రవారం ఎక్కడున్నా, చూసింది చూసినట్టు డైరీలో రాసుకున్నాను. కేరళలో ఆరాధన అయ్యాక చేదు కాకరరసం తాగారు. గోవాలో గంటలు మాని చెక్కలు వాయించారు. ఎక్కడా ఎవరికీ శాలువాలు కప్పలేదు.

రిటైరయ్యాక నడికుడి దగ్గర మా ఊరికే వచ్చేశాను. ఇక్కడి చర్చిలో ఆ మధ్యాహ్నం సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరిస్తారు. దాహం గురించిన ఐదో మాట మిరపకోతలకు పోయే ఒక అక్కకే ఏటా ఇచ్చేవాళ్లం. దానికోసం ఆ రోజు కూలి మానుకుని, తెల్లచీర కట్టుకుని, ఉపవాసంతో వచ్చేది.

ఈసారి కొత్త పాస్టరు ఆమెను అడక్కుండానే ఆ మాటను ఊరి నాయకుడికి ఇచ్చాడు. ఆ నాయకుడు చర్చికి ప్రహరీ కట్టిస్తానన్నాడట. నాలుగో మాట అయ్యాక, పొద్దుటినుంచి మంచినీళ్లయినా ముట్టని జనం ఆయన కోసం ఉక్కపోతలో కాచుకుని కూర్చున్నారు. వస్తూనే శాలువా, ఫోటోలు. అందరికీ శుభాకాంక్షలు చెప్పి, గోడ గురించి మాట్లాడి, కారెక్కి పోయాడు. సిలువ ఊసే లేదు. అక్క ఆడవాళ్ల వరసలో తల వంచుకుని కూర్చుంది.

ఆరో మాట నాది. వెళ్లి మైకు ముందు నిలబడ్డాను, నోరు తెరవలేదు. పాస్టరు దగ్గరకొచ్చాడు.

"పెద్దాయనా, టైమవుతోంది, కానివ్వండి."

"ఐదోది కాలేదుగా. ఆరోది ఎట్టా చెప్పమంటావు?"

"సారు చెప్పారు గదండీ."

"ఆయన చెప్పింది గోడ సంగతి."

వెనకెవరో నవ్వారు. పాస్టరు నన్ను కూర్చోమన్నాడు. నేను కదల్లేదు. చివరికి అక్కే ఆపబోయింది.

"పోనీలే తమ్ముడూ, మందిరంలో గొడవేంది."

ఆమె మీదా కోపమొచ్చింది. నీ మాట నువ్వు చెప్పిందాకా ఇక్కడే నిలబడతానన్నాను. ఆమె లేచి వచ్చింది.

"జరుగు మరి," అంది.

ఆమె మొదలుపెట్టగానే పాస్టరు సైగ చేసి మైకు ఆపించాడు. అక్క ఆగలేదు. చేలో ఈ గట్టునుంచి ఆ గట్టుకు పిలిచే గొంతు అది, చివరి వరసదాకా వినబడింది.

వచ్చే ఏడాది మాటలు చెప్పేవాళ్లలో నేను ఉండనని ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు తేల్చేశారు. లేకపోతే పోనీ. ఐదోది అక్కదేనని మాత్రం అక్కడే వాళ్లచేత ఒప్పించి గానీ మెట్లు దిగలేదు.