అవతలి గట్టు మీద ప్రార్థన

1984వ సంవత్సరం. అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను లేబ్ టెక్నీషియన్‌ని. లేబ్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. మందుల గది పక్కన ఒక కిటికీ, కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు, అంతే. కరెంటుని నమ్ముకుంటే పని జరగదు కనక మైక్రోస్కోపు కింద ఉన్న అద్దం తిప్పుకుని పగటి వెలుతురులోనే చూసేదాన్ని. మబ్బు పట్టిన రోజున మా రిపోర్టులు కూడా ఆలస్యమయ్యేవి.

మా కోనసీమ నెత్తురు ఎలా ఉంటుందో అప్పటికే నాకు బాగా తెలుసు. కడుపులో పురుగులు, బోదకాలు ఇక్కడ మామూలే కాబట్టి ఎవరి స్లైడు చూసినా ఇసినోఫిల్స్ అనే నారింజరంగు చుక్కల కణాలు దండిగా కనబడేవి. అందుకని ఒకరోజు మా డాక్టరుగారు పిలిచి, "ఈ పాపది నువ్వే చూడాలమ్మా. ఇందులో నీకు కణాలు దొరకడమే కష్టం" అన్నప్పుడు నాకు జాలి కంటే ముందు కుతూహలం కలిగింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కుతూహలం లేనివాళ్ళు ఆ బల్ల దగ్గర నెల రోజులు కూర్చోలేరు.

పాప పేరు కరుణ. ఏడేళ్ళు. ముక్తేశ్వరం దగ్గర కాలవగట్టు మీద ఇల్లు. తండ్రి బడిపంతులు. బ్లడ్ కేన్సరని తేలితే మద్రాసు తీసుకువెళ్ళి మందులు మొదలుపెట్టించారు. ఆ మందులు రోగకణాలతో పాటు మంచి తెల్లకణాలని కూడా చంపేస్తాయి. మందు ఆపాక అవి మెల్లగా మళ్ళీ పుడతాయి. ఆ పడి లేచే మధ్యకాలమే గండం. అప్పుడు పక్కింటివాళ్ళ జలుబు కూడా పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది. అలాగని మరీ ఆలస్యమైతే తరవాతి విడత మందు ఇవ్వడానికి ఉండదు, రోగం మళ్ళీ తల ఎత్తుతుంది. అక్కడ మంచాలు ఖాళీ లేక, కణాలు లేచాక తీసుకురమ్మని చెప్పి ఇంటికి పంపేశారు. లేచాయో లేదో చూసి చెప్పడం నా వంతు.

దగ్గుతూ మూలుగుతూ ఉండే మా వరండాలో ఆ పిల్లని కూర్చోబెట్టడం ఇష్టం లేక డాక్టరుగారు నన్నే వాళ్ళింటికి పంపేవారు. బస్సు దిగి కాలవగట్టు వెంట నడిచి వెళ్ళేదాన్ని. వేలు పొడిచి, సన్నటి గాజుగొట్టంలోకి కాస్త నెత్తురు పీల్చి మందునీళ్ళలో కలిపితే అది టోటల్ కౌంట్‌కి, అంటే తెల్లకణాలు మొత్తం ఎన్నున్నాయో చూడ్డానికి. ఇంకో చుక్క గాజుపలక మీద పల్చగా పరిచి ఆరబెడితే అది డిఫరెన్షియల్‌కి, అంటే ఏ రకం కణాలు ఎన్నున్నాయో తేల్చడానికి. అందులో ముఖ్యమైనవి న్యూట్రోఫిల్స్. ఒంట్లోకి సూక్ష్మజీవి వస్తే ముందు పరిగెత్తేవి అవే.

మొదటిసారి వెళ్ళేసరికి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. లోపల వాళ్ళ చర్చి సంఘంవాళ్ళంతా పాప చుట్టూ మూగి, జుట్టు రాలిపోయిన ఆ తల మీద తలో చెయ్యీ వేసి ప్రార్థన చేస్తున్నారు. ఒకాయన మధ్యమధ్యలో తుమ్ముతున్నాడు.

"ఇంతమందిని రానిచ్చేరేంటి మేష్టారూ?" అన్నాను తండ్రిని పక్కకి పిలిచి.

"డాక్టర్లు చెప్పేరండి. కానీ మేం మద్రాసులో ఉంటే మా చేను కోసి కుప్పేసింది వీళ్ళేనండి. ప్రార్థనకొచ్చినోళ్ళని గుమ్మంలోంచి ఎలా పొమ్మంటామండీ?" అన్నాడాయన. కళ్ళెత్తి నావైపు చూడలేకపోయాడు.

మామూలుగా డిఫరెన్షియల్‌కి వంద కణాలు లెక్కపెడతాం. ఆ రోజు స్లైడు ఈ కొస నుంచి ఆ కొసదాకా వెతికినా వంద దొరకలేదు. న్యూట్రోఫిల్స్ లేవన్నా తప్పులేదు.

తరవాతిసారి వెళ్ళినప్పుడు కరుణ నాయనమ్మ సంతోషమ్మగారికి అంతా విడమరిచి చెప్పాను. ఆవిడకి నాకంటే ఎక్కువ కుతూహలం.

"ఆ కణాలు ఎక్కడ పుడతాయి అమ్మాయిగారూ?"

"ఎముకల్లో మూలుగలో అండీ."

"మేక మూలుగ లాంటిదేనా అండీ?"

"ఆయ్, అలాంటిదే."

ఆవిడ "అది మళ్ళీ నిండేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు. అంతేగా అండీ?" అంది. తరవాత కాలవ వైపు చూసి, "దేవుడికి కాలవ అడ్డమేంటండీ?" అని లేచి వెళ్ళిపోయింది. నాకు అర్థం కాలేదు.

ఆ పైసారి వెళ్ళేసరికి అర్థమైంది. జనమంతా కాలవకి అవతలి గట్టు మీద, కొబ్బరిచెట్ల కింద నిలబడి పాడుతున్నారు. తెచ్చిన బొండాలు తాటిదుంగల వంతెన అవతలి చివర పెట్టేశారు. ఇవతల అరుగు మీద కరుణ దుప్పటి కప్పుకుని కూర్చుని చెయ్యి ఊపుతోంది. నన్ను చూసి, "సూదత్తయ్యా, ఇవాళ ఎడం చెయ్యి" అంది. నేను వచ్చిన పని కాస్త ఆపుకుని, పాట అయ్యేదాకా నిలబడి విన్నాను.

ఆ రోజు స్లైడులో కొత్త కణాలు కనబడ్డాయి. పెద్దవి, మధ్యలో చిక్కుడుగింజలా వంగిన కేంద్రకం. రోగకణాలే తిరిగొచ్చాయేమోనని భయమేసింది. డాక్టరుగారిని లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన కంటిని లెన్సుకి ఆనించి చాలాసేపు చూశారు.

"మోనోసైట్లమ్మా, ఇవీ మంచి తెల్లకణాలే. మూలుగ లేస్తున్నప్పుడు తరచు ముందు ఇవే వస్తాయి. వెనకాల న్యూట్రోఫిల్స్ రావాలి, చూద్దాం."

వచ్చాయి. ఆ మరుసటి స్లైడులో మూడు నాలుగు ముక్కల కేంద్రకంతో ఒకటి, పక్కన ఇంకొకటి, ఆపైన వరసగా. ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. డాక్టరుగారు మద్రాసుకి ట్రంక్‌కాల్ చేసి, పిల్లని తీసుకురావచ్చన్న కబురు నా చేతే పంపారు.

సంతోషమ్మగారు గట్టు మీదికి వెళ్ళి, "కణాలు వచ్చేయంటర్రా" అని అవతలికి కేకేసింది. కరుణ తండ్రి వేలు పట్టుకుని వంతెన దాటింది. ఇన్నాళ్ళూ ఆ తల మీద చెయ్యి వెయ్యాలని తపించినవాళ్ళే పిల్ల దగ్గరికి రాగానే వెనక్కి జరిగారు. అందరూ చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు.

ఒక ముసలావిడ నన్ను అడిగింది. "ముట్టుకోవచ్చాండీ?"

"చేతులు కడుక్కుంటే ఫర్వాలేదండీ" అన్నాను.

అంతే, అందరూ బిలబిలమంటూ కాలవలోకి దిగి చేతులు కడగడం మొదలుపెట్టారు. కాస్త ఎగువన గేదెలు ఈదుతున్నాయి.

"కాలవలో కాదండీ బాబూ" అని నేను మొత్తుకుంటుంటే కరుణ పడీపడీ నవ్వింది. సంతోషమ్మగారు కాచి చల్లార్చిన నీళ్ళ బిందె, సబ్బు తెప్పించి ఒక్కొక్కరి చేతులూ తనే కడిగించింది. తుమ్మినాయన జలుబు తగ్గి చాలా రోజులైందని ప్రమాణం చేసినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆయన వంతెన దగ్గరే నిలబడి ప్రార్థన చేశాడు.

చికిత్స అక్కడితో అయిపోలేదు. ఇంకా రెండేళ్ళ పైనే సాగింది. కణాలు పడ్డాయి, లేచాయి, మళ్ళీ పడ్డాయి. పడ్డాయని తెలిసిన ప్రతిసారీ ఎవరూ చెప్పకుండానే ప్రార్థన అవతలి గట్టుకి మారిపోయేది. కరుణకి ఇప్పుడు పిల్లలున్నారు. కనబడితే ఇప్పటికీ సూదత్తయ్యా అనే పిలుస్తుంది.

మూలుగ ఎలా లేస్తుందో ఆ కేసు నాకు కళ్ళారా చూపించింది. కానీ ఎక్కువగా ఉపయోగపడింది సంతోషమ్మగారు నేర్పింది. అప్పటినుంచి రోగి దగ్గరికి వెళ్ళొద్దని ఎవరికైనా చెప్పవలసి వస్తే, ఎక్కడ నిలబడవచ్చో కూడా చెబుతున్నాను.