మెంబర్ జామైన రోజు

ఇప్పుడంటే నా మాట పక్కింటికి కూడా వినపడదు గానీ, ఆ రోజుల్లో నేను నోరు తెరిస్తే మణుగూరు దారిలోని మా అడవి ఊరు మొత్తం వినేది. (రాస్తున్నవా బిడ్డా? గొప్పలు గూడ రాయి.) మా బోరు నీళ్లు ఎర్రగా, ఉప్పగా ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు పెట్టారు. దాన్ని నడిపే పని, తాళంచెవితో సహా, నాకు ఇప్పించింది మా వార్డు మెంబరే. వరసకు మామ. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా లేనిదే గడప దాటడు. కొత్త కోడలికి ఇంట్లో దొరకని పెత్తనం నాకు ఆ తాళంచెవితో దొరికింది.

ఒకరోజు పొద్దున నీళ్లు సన్నగా, ఉప్పగా వచ్చాయి. కబురందుకుని వచ్చిన మెకానిక్ మిషను చూసి, మోటారు మోతలోనే అరిచాడు: "అక్కా, మెంబ్రేన్ జామైంది! కడిగినా సాఫ్ కాదు, మార్చుడే! బయట ఆడోళ్లకు చెప్పు." మెంబ్రేన్ అనే మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. నాకు తెలిసింది మెంబరే. పెద్దమనిషిని పట్టుకుని 'జామైంది' అంటాడేమిటని నేనే మర్యాదగా దిద్ది, గద్దె మీద నిలబడి బిందెల వరసకు చాటాను: "ఇనుండ్రి! మన మెంబర్ జామైండు! కడిగినా సాఫ్ కాడంట. మార్చుడేనంట!"

"అవ్, మేమెప్పుడో అనుకున్నం!" అంటూ ఆడవాళ్లు బిందెలు మోగించారు.

నా కేకకు, ఆ మోతకు మామ రానే వచ్చాడు. "ఏంది కోడలా, పని ఇప్పిచ్చిన నన్నే మార్చుతవా? తాళంచెవి ఇటియ్యి!"

పని పోతే మళ్లీ పొయ్యి దగ్గరికే. అయినా తగ్గలేదు. "నేననలే మామా, మెకానిక్ అన్నడు. ఆయన్నే అడుగు!"

అప్పుడే మెకానిక్ చాపచుట్టలాంటిది ఒకటి పట్టుకుని బయటికొచ్చాడు. "గిదే మెంబ్రేన్. నీళ్లను వడగట్టే పొర" అని విప్పి చూపించాడు. పైన తెల్లగా, లోపల ఎర్రటి బురద. వరసలోంచి మా అత్త, "పైన తెల్లగ, లోపల గిట్ల! ఇగ మా కోడలు తప్పేమన్నది?" అన్నది. మామ ఒకసారి తన చొక్కా చూసుకున్నాడు. ముందు నవ్వింది ఆయనే. తాళంచెవి నా చేతిలోనే ఉంచి, "పొరను మార్చు కోడలా, నన్ను మాత్రం ఉండనియ్యి" అన్నాడు.

ఆ తరవాత ఎన్ని పొరలు మార్పించానో! ఇప్పుడు ఆ పేరు తప్పులేకుండా పలుకుతాను గానీ, తప్పు పలికిన రోజు మోగినన్ని బిందెలు మళ్లీ మోగలేదు. (అదేంది బిడ్డా, మెంబర్ అన్నది కొట్టేసి మెంబ్రేన్ అని రాసినవ్? ఉండనియ్యి. గద్దె మీద నిలబడ్డ ఆ పిల్లకు గంతే తెలుసు.)