దాక్కున్న ఫైళ్లను ఏరిపారేసిన రోజు

మా ఎమ్మిగనూరు ఇంట్లో ఇంతవరకు దొంగలు పడలేదు, నిప్పు అంటుకోలేదు. ఆ రెండూ కలిసి చేయగల నష్టాన్ని నేనొక్కడినే, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉదయం పదింటికి తీరిగ్గా కూర్చుని చేశాను. డైరీలో ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. మీరు నవ్వుకోండి, ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పటికి రిటైరై రెండేళ్లు. ఉద్యోగమంతా ఒక ఆఫీసు రికార్డు గదిలో గడిచింది. ఏటా అక్కడ ఒక క్రతువు ఉండేది: ఎవరూ అడగని పాత కాగితాలను ఏరి, జాబితా రాసి, పైఅధికారి సంతకం తీసుకుని తగలబెట్టడం. రిటైరయ్యాక తగలబెట్టడానికి ఏమీ లేక చేతులు దురద పెట్టాయి. ఇంట్లో కంప్యూటరు కనబడింది.

అందులో దాచి ఉంచిన ఫైళ్లు కూడా ఉంటాయని, ఒకచోట టిక్కు గుర్తు పెడితే బయటపడతాయని ఎక్కడో చదివాను. పెట్టాను. పుట్టలోంచి ఉసిళ్లలా వచ్చాయి. ఒక్కదానికీ నేను పేరు పెట్టలేదు, ఒక్కదాన్నీ ఏనాడూ తెరవలేదు. తప్పు చేయనివాడు దాక్కోవడం దేనికి, మీరే చెప్పండి. చెరపబోతే "నిర్వాహకుడి అనుమతి కావాలి" అంది. ముప్పై ఏళ్లు అనుమతుల కోసం గుమ్మాల దగ్గర నిలబడ్డవాణ్ని. నాకు నేనే అనుమతి ఇచ్చుకోవడంలోని సుఖం ఏమని వర్ణించను? మొండికేసిన ఫైళ్లకు యాజమాన్య హక్కు కూడా నా పేరిటే రాయించుకున్నాను. చెరిపిన ప్రతిదాన్నీ వరస సంఖ్య వేసి డైరీలో ఎక్కించాను. అరవై మూడు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను అలుకుతూ అలుకుతూ పునాదే ఎత్తిపోశాను. ఆపి మళ్లీ వేస్తే నల్లటి తెర. దాని మీద తెల్లగా ఒకే మాట: సిస్టం ఫైళ్లు పాడయ్యాయి, మొదలుకాలేను.

మా ఆవిడ సావిత్రి వంటింట్లోంచి వచ్చింది.

"ఏమైంది దానికి?"

"విశ్రాంతి తీసుకుంటోంది."

"మా అమ్మ పాటలు దాంట్లోనే కదా ఉండేది?"

మా అత్తగారు పోయి అప్పటికి ఏడాది. ఆమె విసురురాయి తిప్పుతూ పాడిన పాటలను సావిత్రి ఫోన్లో పట్టి పెట్టుకుంది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. ఎక్కించి ఫోన్లోంచి తీసేసిందీ నేనే. ఒకే కాగితం రెండు చోట్ల ఉండటం రికార్డు గది ధర్మం కాదు మరి.

కంప్యూటరు డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఇద్దరం ఆదోని బస్సెక్కాం.

"ఏం పెద్దాయనా, దుప్పటి కప్పినావు, జరమా?" అన్నాడు కండక్టరు.

"కంప్యూటరు."

"అదే, కంప్యూటరుకు జరమా అని."

బస్సంతా నవ్వింది. సావిత్రి నవ్వలేదు.

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే రఫీ ముందుగా నన్నే అడిగాడు. "ఏం చేసినారు సార్?"

"శుభ్రం చేశాను." డైరీ తెరిచి ముందు పెట్టాను.

మూడు పేజీలూ చదివాడు. "సెడగొట్టుకొని వచ్చేవాళ్లు రోజూ ఉంటారు సార్. వరస నంబర్లు ఏసి సంపినోళ్లను ఇదే సూడటం."

"పాటలు ఉండాయా నాయనా?" అంది సావిత్రి.

"సూడాల్ల అమ్మా. ముందు లోపల ఉండేవన్నీ బయటికి తీస్తా. రిపేరు తర్వాత."

వేరే పెన్‌డ్రైవుతో దాన్ని మేలుకొలిపాడు. తెర మీద పచ్చని గీత, ఎండలో కోసిగి దారి పట్టిన ఎద్దులబండిలా కదిలింది. సావిత్రి కొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. మాకు టీ తెప్పించాడు. మేం తాగలేదు. రెండు గ్లాసులూ రఫీయే తాగాడు.

"దొరికినాయి" అన్నాడు చివరికి.

రాయి గరగర, దాని మీద అత్తగారి గొంతు. సావిత్రి కళ్లు తుడుచుకుంది. నాకు ఊపిరొచ్చింది. పాట అయిపోయింది, రాయి ఆగింది, రికార్డింగు మాత్రం ఆగలేదు.

"పాపా," అన్నారు అత్తగారు, "దీన్ని బద్రంగా పెట్టుకో. అల్లుని సేతికి మాత్రం ఇయ్యొద్దు. సర్ది సర్ది లేకుండా సేస్తాడు."

పాట అవగానే సావిత్రి ఎప్పుడూ ఎందుకు ఆపేసేదో అప్పుడు తెలిసింది. రఫీ ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి వంగాడు. చాలాసేపు పైకి రాలేదు.

"ఆ కడాది, అమ్మ మాట్లాడింది, ఇంకోసారి పెట్టు నాయనా" అంది సావిత్రి.

సాయంత్రానికి రఫీ సిస్టం ఫైళ్లన్నీ మళ్లీ వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి డైరీలో రాశాను: "నాకు తెలియనిదల్లా పనికిరానిదని ఇకపై తలచను. దాక్కున్నవాటిని దాక్కోనిస్తాను. ఇది నేను ఇష్టపూర్వకంగా, పూర్తి తెలివితో రాసిన ప్రతిజ్ఞ."

సావిత్రి సాక్షి సంతకం పెట్టింది. పెట్టేముందు 'పూర్తి తెలివితో' అన్న ముక్క కొట్టేసింది.